కార్డులో లేని గడి

మేం ముగ్గురం అక్కచెల్లెళ్ళం. పెద్దామె కూతురితో కలిపి నలుగురం. మా నలుగురి కడుపుల కథ ఇది. ఏ ఏడుపు ఎవరిదో కొన్నిచోట్ల చెప్తాం, కొన్నిచోట్ల చెప్పం. బురఖాలో ఉన్నప్పుడు మమ్మల్ని ఎవరూ విడదీసి చూడలేదు గనుక, మాకూ 'మేం' అనుకోవడమే అలవాటైంది.

మాది నల్లగొండ జిల్లాలో ఒక పల్లె. ఇంట్లో ఉర్దూ. అదీ పుస్తకాల ఉర్దూ కాదు, సగానికి సగం తెలుగు కలిసిన మాట. బడిలో తెలుగు. ఎక్కాలు తెలుగులో చెప్తాం, దువా అరబ్బీలో చేస్తాం, కోపమొస్తే నోటికేదొస్తే అది. కడుపుతో ఉన్నామని చెప్పడానికి మాకు మాటల కరువు లేదు. 'పేట్ సే హై' అంటారు మావాళ్ళు. కొంచెం చదువుకున్న ఇళ్ళలో 'ఉమ్మీద్ సే హై' అంటారు. ఉమ్మీద్ అంటే ఆశ. వీధిలోకి వస్తే నెల తప్పింది, నీళ్ళోసుకుంది, ఒట్టి మనిషి కాదు. వాంతులైతే అక్కడ మత్లీ, ఇక్కడ వేవిళ్ళు. చింతకాయ మీదికి, మట్టి మీదికి మనసు పోవడానికి కూడా మాటలున్నాయి.

కానీ పొద్దున నవ్వి, మధ్యాహ్నం గిన్నె విసిరి, సాయంత్రం ఆ సొట్టపడ్డ గిన్నెను చూసి ఏడ్చే మనిషి సంగతేంటి? దానికి రెండు భాషల్లోనూ మాకు మాట దొరకలేదు. ఇప్పటి పిల్లలు 'మూడ్ స్వింగ్స్' అంటున్నారు. మా అమ్మీకి ఆ మాట చెప్తే "మూడ్ అంటే సినిమాకు పోయే మూడా?" అంది.

మాట లేని చోట ఇంట్లోవాళ్ళు రెండు పేర్లు పెట్టారు. ఏడిస్తే నజర్. అరిస్తే నఖ్రా. నజర్ అయితే నానీ ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసేది. ఘాటు రాకపోతే దిష్టి గట్టిదన్నట్టు. నఖ్రా అయితే సాస్ ముఖం తిప్పుకునేది. రెండింటికీ చివరి మందు ఒకటే. సబర్ కరో బేటీ. ఓపిక పట్టు బిడ్డా.

పట్టాం. ఎంత పట్టామో చెప్పడానికే ఇది రాస్తున్నాం.

పెద్దామెకు 1992 డిసెంబరులో ఏడో నెల. పాతబస్తీలో అత్తవారింట్లో ఉంది. మాలో ఏడో నెలకు సత్వాసా చేస్తారు. కోడలికి కొత్త బట్టలు కట్టించి, పూలు పెట్టి, ఒడిలో పండ్లూ మేవా పోస్తారు. పక్కింటి తెలుగువాళ్ళ శ్రీమంతానికీ దీనికీ పెద్ద తేడా లేదు. మా ఊళ్ళో అయితే ఎదురింటి అత్తమ్మ గాజులు తెచ్చి తనే తొడిగేది. ఆ వారంలోనే సత్వాసా అనుకున్నారు. డిసెంబరు 6న బాబ్రీ మసీదును కూల్చారు. నగరంలో గొడవలు, కర్ఫ్యూ. పండ్లు లేవు, పూలు లేవు. పుట్టింటి నుంచి బయలుదేరాల్సిన మేం ఊళ్ళోనే ఆగిపోయాం.

ఆమె తర్వాత చెప్పింది. మూత కిందపడ్డ చప్పుడైతే వణికేదట. మరుక్షణం నవ్వొచ్చేదట. బయట తాళం వేసిన దుకాణం ముందు మేక ఒకటి కాగితం నములుతుంటే, దానికి తిండి లేదని గంటసేపు ఏడ్చిందట. ఇంట్లో అందరూ భయంతో ఉన్నారు. ఎవరికి ఏం చెప్తుంది? "బయట జనం చచ్చిపోతుంటే నీకు మేక కోసం ఏడుపా?" అన్నారు. ఆ మాటతో ఏడుపు ఆపేసింది. ఏడుపు ఆగింది గానీ నిద్ర కూడా ఆగిపోయింది. తిన్నావా, బిడ్డ తిరుగుతోందా అని రోజూ అడిగారు. నువ్వెట్లున్నవ్ అని ఒక్కరూ అడగలేదు.

అది కర్ఫ్యూ భయమా, కడుపు తెచ్చిన గాలివాటమా? ఇన్నేళ్ళ తర్వాత కూడా మేం విడదీయలేకపోతున్నాం. ఆ రోజుల్లో మాకు తెలియనిది తర్వాత తెలుసుకున్నాం. కడుపు పడ్డ మొదటి వారాల్లోనే ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్లు వేగంగా పెరుగుతాయి. మనసు కుదురును చూసే మెదడు రసాయనాల మీద కూడా వాటి పని ఉంటుంది. దానికి వాంతులు, అలసట, నిద్రలేమి తోడు. అందుకే మొదటి మూడు నెలల్లో ఊగిసలాట ఎక్కువ. నడిమి నెలల్లో చాలామందికి కొంత తెరిపి. చివరి నెలల్లో ఒంటి బరువు, రాత్రి నాలుగుసార్లు లేవడం, కాన్పు భయం కలిసి మళ్ళీ మొదలు. ఒంట్లో రక్తం తక్కువైతే నీరసంతో పాటు చిరాకు. థైరాయిడ్ తగ్గినా మనసు కుంగుతుంది. అంటే మేం నఖ్రాలు చేయలేదు. మా ఒళ్ళు ఒక పెద్ద పని చేస్తోంది, ఆ పని చప్పుడు బయటికి వినిపించింది.

అయితే అంతా హార్మోన్ల మీద తోసేస్తే కూడా మాకు ఒప్పుదల లేదు. కర్ఫ్యూ హార్మోన్ కాదు. మొగుడు ఇంటికొస్తాడో రాడో అనే భయం హార్మోన్ కాదు. ఒంట్లో పుట్టిన అలకు వీధి గాలి తగిలితే అది ఎంత ఎత్తు లేస్తుందో పెద్దామెకు తెలుసు.

నడిపామెది వేరే కథ. అది 2004. రెండో కాన్పు. సర్కారు దవాఖానాలో వరసలో నిలబడితే, చీటీ రాసే ఆమె తల ఎత్తకుండానే "ఎన్నోది? మీకేందమ్మా, ఏడాదికొకటి" అంది. వరసలో ఉన్న ఆడవాళ్ళు నవ్వారు. మొదటి బిడ్డకూ ఈ కడుపుకూ నడుమ అయిదేళ్ళున్నాయని చెప్పాలనుకుంది. నోరు రాలేదు. ఆ చీటీ ఆమెకు మేం ఇప్పుడు లెక్క చెప్తాం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 1992-93లో ముస్లిం స్త్రీకి సగటున 4.4 మంది పిల్లలు. 2019-21 నాటికి అది 2.36కి దిగింది. అందరిలో తగ్గినట్టే మాలోనూ తగ్గింది. ఇన్ని లెక్కలు తగ్గినా ఆ నవ్వు తగ్గలేదు.

నడిపామెకు ఆరో నెల నుంచి మనసు కిందికే పోయింది, పైకి రాలేదు. ఊగిసలాట అయితే పొద్దున ఏడ్చినా సాయంత్రానికి నవ్వు ఉంటుంది. ఆమెకు సాయంత్రం రావడం లేదు. దవాఖానాలో డాక్టరుతో చెప్పుకోవాలనుకుంది. మా ఇంటి మాటలో దాన్ని 'దిల్ ఘబ్రారా' అంటాం. లోపల ఏదో కంగారు, దిగులు, ఎక్కడికైనా పారిపోవాలన్నట్టు. తెలుగులో చెప్పాలి కదా అని ఆమె మాటకు మాట మార్చి "గుండె దడగా ఉంది సార్" అంది. ఆయన గుండెకు తీగలు పెట్టించి ఈసీజీ తీయించాడు. కాగితం మీద గీతలు బాగానే ఉన్నాయి. "ఏం లేదు, పో" అన్నాడు. ఆయన తప్పేమీ లేదు. గుండె అంటే గుండె చూశాడు. మేం దిల్ అన్నాం, అది గుండె అయి కూర్చుంది.

తెలుగు రాక కాదు. నడిపామె పదో తరగతి తెలుగులో బడి మొత్తానికి మొదటి మార్కు. వార్త చదవడానికి, ఉత్తరం రాయడానికి, బస్సులో పోట్లాడటానికి తెలుగు సరిపోయింది. ఏడవడానికి మాత్రం అమ్మీ మాటే వచ్చింది. ఆ మాటకు దవాఖానాలో చెవి లేదు.

ఇంట్లో ఆసేబ్ అన్నారు, ఏదో సాయా పడిందన్నారు. దర్గాకు తీసుకుపోయారు. తావీజు కట్టారు. మేం దర్గాను ఎద్దేవా చేయం. అక్కడ గోడకు తల ఆనించి ఏడిస్తే కైకు రోతీ అని ఎవరూ అడగరు. పక్కన ఇంకో ఆమె, బొట్టు పెట్టుకున్న ఆమె, తన ఏడుపు తాను ఏడుస్తుంటుంది. నడిపామెకు ఆ గంట హాయిగా ఉండేది. ఇంటికి రాగానే మళ్ళీ అదే. తావీజు మీద నమ్మకంతో ఇంట్లోవాళ్ళు రెండు నెలలు గడిపేశారు. కాన్పయింది. ఆడపిల్ల. నలభై రోజుల చిల్లా నడుస్తుండగా ఒకరాత్రి ఆమె పెరట్లో బావిగట్టు మీద కూర్చుని ఉంది. చిన్నామె నీళ్ళకు లేచి చూసింది గనుక ఇవ్వాళ మేం ముగ్గురం అని రాయగలుగుతున్నాం.

ఆ తెల్లారే పట్నం తీసుకుపోయాం. అక్కడి డాక్టరమ్మ తెలుగు మనిషే. మా ఉర్దూ ఆమెకు సగమే వచ్చు. ఆ సగంతోనే "నీంద్ ఆతీ క్యా అమ్మా? రాత్ కో క్యా సోంచ్తే?" అని అడిగింది. నిద్ర పడుతోందా, రాత్రి ఏం ఆలోచిస్తావు అని. వ్యాకరణం తప్పే. కానీ నడిపామె ఆ తప్పు ఉర్దూకు కట్ట తెగినట్టు ఏడ్చింది. అరగంట చెప్పింది. డాక్టరమ్మ రాసుకుంది. ఇది జబ్బు, దీనికి మందుంది, పాలిచ్చే తల్లి కూడా వాడదగిన మందే ఇస్తున్నానంది. వారం వారం వచ్చి మాట్లాడి పొమ్మంది. నయమవడానికి నెలలు పట్టింది. నయమైంది.

ఊగిసలాట వేరు, ఈ కుంగుబాటు వేరు అని మేం అప్పుడు నేర్చుకున్నాం. రెండు వారాలకు మించి దిగులు వదలకపోతే, ఇష్టమైనవాటి మీద కూడా మనసు పోకపోతే, బతకాలని లేకపోతే, అది ఓపికతో పోయేది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో మనలాంటి దేశాల్లో గర్భిణుల్లో 15.6 శాతానికి, కాన్పయినవాళ్ళలో 19.8 శాతానికి మానసిక సమస్య ఉంటుంది. ఎక్కువగా కుంగుబాటే. వందలో పదిహేనుమందికి సాయా పడుతుందా? పడితే అది అన్ని మతాలవాళ్ళ మీదా పడుతోంది.

చిన్నామె కడుపుతో ఉన్నది 2010లో. ఆగస్టులో రంజాన్ వచ్చింది. అయిదో నెల. ఒంట్లో రక్తం 9 గ్రాములు. గర్భిణికి 11 ఉండాలి. తల్లికో బిడ్డకో హాని అనిపిస్తే రోజా విడిచి తర్వాత తీర్చుకోవచ్చని మా పెద్దలే చెప్తారు. సాస్ కూడా కాదనలేదు. కానీ తినడానికి చోటేది? అందరూ రోజా ఉన్న ఇంట్లో పగలు పళ్ళెం పెట్టుకుని కూర్చునేదెట్లా? వంటింటి తలుపు చాటున నిలబడి రెండు ముద్దలు గబగబా మింగేది. ఎవరో వస్తున్న అలికిడైతే ముద్ద గొంతులో ఆగేది. మధ్యాహ్నానికి ఆకలి, దాని వెంట కోపం, ఇఫ్తార్ వేళకు అందరి ముందూ తింటుంటే సిగ్గు. సాయంత్రమయ్యేసరికి ఎవరో ఒకరి మీద విరుచుకుపడేది. ఇంట్లో అనుమతి ఇచ్చారు గానీ పీట వేయలేదు. పదిరోజులు చూసిన ఆమె ససుర్ ఒకనాడు తనే పళ్ళెంలో రొట్టె, ఖట్టీ దాల్ పెట్టించి, ముందు గదిలో ఆమె ముందుంచి, తను అటు తిరిగి కూర్చుని తస్బీహ్ తిప్పుకున్నాడు. ఏమీ మాట్లాడలేదు. ఆ రోజు నుంచి సాయంత్రపు కోపం సగానికి తగ్గింది.

ఇక నాలుగో మనిషి. 1992 డిసెంబరులో పెద్దామె కడుపులో ఉన్నది ఈమే. 2020 ఏప్రిల్‌లో ఈమెకు ఏడో నెల. లాక్‌డౌన్. మళ్ళీ ఇంటి తలుపులు మూసుకున్నాయి. మళ్ళీ సత్వాసా ఆగింది. మళ్ళీ మా పేర్లే నోళ్ళలో నలిగాయి. రోగాన్ని మేమే మోసుకొస్తున్నామని ఫోన్లలో వీడియోలు తిరిగాయి. కూరగాయల బండివాడి పేరడిగి పంపేశారని విన్నాం. పిల్ల బాల్కనీలోకి రావడం మానేసింది. మొగుడు తుమ్మితే అరిచేది, తర్వాత పొర్లి పొర్లి ఏడ్చేది.

పెద్దామె ఫోన్ చేసింది. తిన్నావా అని అడగబోయి ఆగింది. "నువ్వెట్లున్నవ్ బిడ్డా? కడుపు సంగతి తర్వాత చెప్పు" అంది. అవతల చాలాసేపు ఏమీ వినిపించలేదు. తర్వాత పిల్ల ఒకటే ప్రశ్న వేసింది. "అమ్మీ, నేను కడుపులో ఉన్నప్పుడు నువ్వు కూడా ఇట్లనే ఉన్నవా?" పెద్దామె ఆ రోజు మొదటిసారి మేక సంగతి చెప్పింది. ఇరవై ఏడేళ్ళ తర్వాత. తల్లీకూతుళ్ళిద్దరూ ఏడ్చారు, మేక దగ్గరికొచ్చేసరికి ఇద్దరూ నవ్వారు.

అప్పట్నుంచి రోజూ మగ్రిబ్ తర్వాత ఫోన్. మేం కూడా కలిసేవాళ్ళం. మేం చెప్పినవి గొప్ప ఉపాయాలేమీ కాదు. కోపం ఏ వేళకు వస్తోందో ఒక నోటుబుక్కులో రాయమన్నాం. వారం రాసేసరికి తేలింది. ఎక్కువసార్లు సాయంత్రం నాలుగు గంటలకే. మధ్యాహ్నం సరిగా తినక, నిద్రపోక. మూడున్నరకు ఖజూరాలు, గుప్పెడు పల్లీలు, గ్లాసు మజ్జిగ పెట్టుకోమన్నాం. పొద్దున ఎండ ఎక్కకముందు డాబా మీద ఇరవై నిమిషాలు నడవమన్నాం. రాత్రి ఫోన్‌లో ఆ వీడియోలు చూడటం మానమన్నాం. అరిచిన తర్వాత మొగుడితో 'తప్పయింది' అని ఒక్క మాట అని, తనను తాను తిట్టుకోవడం అక్కడితో ఆపమన్నాం. అల్లుడితో కూడా మాట్లాడాం. "ఆమె అరిస్తే జవాబు చెప్పకు, పోయి చాయ్ పెట్టు. సమజాయించకు, ఊరికే విను" అన్నాం. చాయ్ పెట్టడం ఆ కుర్రాడు అప్పుడే నేర్చుకున్నాడు. మొదట్లో పానకంలా ఉండేదట.

ఇంకోటి చేశాం. 1987లో బ్రిటన్‌లో తయారైన పది ప్రశ్నల కాగితం ఒకటుంది, ఎడింబరా పేరు మీద. బాలింతల కోసం చేసింది, తర్వాత గర్భిణులకు కూడా వాడుతున్నారు. గడిచిన ఏడు రోజుల్లో నవ్వగలిగావా, ఊరికే కంగారు పడ్డావా, నిద్ర పట్టనంత దిగులుందా, చివరికి నీకు నువ్వు హాని చేసుకోవాలనిపించిందా అని అడుగుతుంది. ఆ ప్రశ్నలన్నీ మేం మా ఇంటి మాటలోకి మార్చుకున్నాం. 'దిల్ ఘబ్రారా క్యా' అనే మాట అందులో మేం పెట్టాం. ఆ కాగితం జబ్బును తేల్చదు, డాక్టరు దగ్గరికి పోవాలా అన్నది చెప్తుంది. పిల్లకు పోవాల్సినంత రాలేదు. వస్తే పోయేవాళ్ళం. ఈసారి బావిగట్టు దాకా ఆగేవాళ్ళం కాదు.

మా నలుగురి కార్డులూ అమ్మీ పెట్టెలో ఉన్నాయి. బరువు, బీపీ, రక్తం, టీటీ సూది. అన్నిటికీ గడులున్నాయి. మనసుకు గడి లేదు. మేం పోట్లాడాల్సింది దాని కోసం అనిపిస్తుంది. 2022 అక్టోబరులో సర్కారు టెలీ మానస్ పెట్టింది. 14416కు ఫోన్ చేస్తే మనసు బాధ వింటారు, తెలుగుతో పాటు ఇంకా చాలా భాషల్లో. మంచిదే. మా వీధిలో ఆడవాళ్ళకు ఆ నంబరు గోడ మీద రాసిచ్చాం. కానీ చీటీ రాసేచోట నవ్వితే, ఫోన్ పట్టుకునే ధైర్యం కూడా పోతుంది. ఆ నవ్వు ఆపాల్సింది మీరు.

మావాళ్ళకు కూడా ఒక మాట. కడుపుతో ఉన్న పిల్ల ఏడిస్తే ఈమాన్ తక్కువైందనకండి. ఖురాన్‌లో 19వ సూరా మర్యమ్ బీబీది. కాన్పు నొప్పులకు ఖర్జూరపు చెట్టు మొదలుకు చేరి, ఇంతకంటే ముందే చచ్చిపోయినా బాగుండేదని అంటుంది ఆమె. అంత పాక్ మనిషి. ఆమెను ఎవరూ కసరలేదు. బాధపడకు అని ఒక గొంతు వినిపిస్తుంది. కింద నీళ్ళున్నాయని, చెట్టు కదిలిస్తే పండ్లు రాలతాయని, తిని తాగి కళ్ళు చల్లబరుచుకోమని చెప్తుంది. మేం చిన్నప్పటి నుంచీ చదివిన సూరానే. మాకు కాన్పులయ్యాక గానీ అర్థం కాలేదు. ముందు నీళ్ళు, తిండి, ఒక తోడు గొంతు. సబర్ సంగతి తర్వాత.

పిల్లకు 2020 జూన్‌లో కాన్పయింది. మగపిల్లాడు. ఇప్పుడు మా చెల్లెలి కోడలికి మూడో నెల. నిన్న సాయంత్రం గిన్నె విసిరిందట. సాస్ అయిన చిన్నామె ఆ గిన్నె తీసి పక్కన పెట్టి, కోడలి పక్కన కూర్చుంది. ఏం అడిగిందో మీకు తెలుసు.